కొత్త కోడలు నాటిన పిలక

పటాన్‌చెరు దగ్గర ఒక టిష్యూకల్చర్ కంపెనీలో ఉద్యోగ జీవితమంతా గడిపి, ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో ఒక ఫ్లాట్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. మా బాల్కనీలో తులసి ఉంది, కరివేపాకు ఉంది, అరటి మొక్క మాత్రం లేదు. ఎవరైనా పిలక ఇస్తామంటే వద్దంటాను. పొగరు అనుకుంటారు, అనుకోనివ్వండి. ఏ పిలకను చూసినా అది ఏ తల్లి పక్కన పుట్టింది, ఆ తల్లి ఏ మట్టిలో నిలబడింది అని అడగకుండా ఉండలేను. అడిగితే ఇచ్చేవాళ్లు నొచ్చుకుంటారు. అరటి పిలక మనకు అమ్ముకునే వస్తువు కాదు, చుట్టరికం. కాదంటే చుట్టరికాన్ని కాదన్నట్టే.

ఈమధ్య మా పాత ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "ఈ పనిలో ముందుగా ఏం నేర్చుకోవాలి మేడమ్?" అని అడిగారు. సూక్ష్మజీవుల పేర్లు చెప్తానని పెన్నులు తీశారు పాపం. పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. పుస్తకాల్లో దొరకనివి కొన్ని ఉన్నాయి, వాటిని టీ తాగేలోపు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి, నాకు కప్పిన శాలువాల గురించి ఇందులో ఏమీ ఉండదు. ఆ శాలువాలు బీరువాలో చిమ్మెటలు తింటున్నాయి.

సీసాలో పుట్టిన మొక్క

మా నాన్న గుడివాడ దగ్గరి పల్లె నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చారు. నేను ఇక్కడే పెరిగాను, ఇక్కడే చదివాను. అయినా ఈ చుట్టుపక్కల ఊళ్లలో రైతులకు నేను చివరిదాకా "ఆంధ్ర మేడమ్"నే. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఆ పేరుతోనే తోటల గేట్లు తెరుచుకున్నాయి కనుక ఊరుకున్నాను.

మా ల్యాబ్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. గాలి మళ్లినప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన, ఘాటైన ద్రావకాల వాసన కలిసి వచ్చేవి. ఆ వాసన మధ్య, తలుపు వెనక తలుపు ఉన్న గదిలో, ఊపిరి కూడా గుడ్డలోంచి పీలుస్తూ, ఊళ్ల నుంచి కంపెనీ బస్సులో వచ్చే ఆడపిల్లలు దీపం మంట దగ్గర కత్తి కాల్చి అరటి మొగ్గను ముక్కలు చేసేవాళ్లు. మంచి తల్లి మొక్క పిలకలోంచి నడిమొగ్గను తీసి, సీసాలో పెంచి, విడదీసి, మళ్లీ పెంచి వేల మొక్కలు చేస్తాం. తల్లికి రోగం లేదని ముందే పరీక్ష చేస్తాం. అందుకే సీసాలోంచి వచ్చిన మొక్క శుభ్రంగా ఉంటుంది.

మా మార్కెటింగ్ మేనేజర్ ఒకాయన కరపత్రంలో "తెగులు రాని అరటి" అని వేయించాడు. నేను వెళ్లి అడిగాను. "ఏమ్మా, రెండూ ఒకటేగా?" అన్నాడు. ఒకటి కాదు. నీళ్లు పోసి, సబ్బుతో రుద్ది, తెల్ల చొక్కా తొడిగిన పిల్లవాణ్ణి బురదలో దింపితే వాడికి బురద అంటకుండా ఉంటుందా? మా మొక్క తెగులు మోసుకురాదు, అంతవరకే. మట్టిలో ఉన్న తెగులును ఆపే శక్తి దానికి లేదు. పైగా లేతగా ఉంటుంది కనుక ముందు అదే పడిపోతుంది. ఆయన కరపత్రం మార్చలేదు. ఆ మాట నమ్మి రోగం ఉన్న నేలలో మొక్కలు పెట్టిన రైతులు నా ముందు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మీ కంపెనీ కరపత్రం మీద ఏం రాసిందో మీరు చదవండి. తోటలోకి వెళ్లి నిలబడాల్సింది కరపత్రం రాసినవాళ్లు కాదు, మీరు.

సత్యవతిగారు

నా మొదటి బాస్ డాక్టర్ సత్యవతిగారు. సన్నగా, నిటారుగా, నవ్వు తక్కువ. కొత్త అరటి రకాలు తయారుచేయడం ఆమె పని. ఆ పని ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. మనం తినే అరటిలో గింజ ఉండదు, అందుకే మనకు అది ఇష్టం. గింజ లేకపోతే సంకరం ఎలా చేస్తాం? నిచ్చెన ఎక్కి, పువ్వు దొప్ప ఎత్తి, అడవి అరటి పుప్పొడి తెచ్చి చేత్తో రుద్దేవాళ్లం. గెల పండాక పండ్లన్నీ పిసికి గుజ్జు జల్లెడ పట్టి వెతికితే ఒక గింజ కనిపించడమే గొప్ప. అది మొలుస్తుందన్న నమ్మకమూ లేదు.

ఆమె అమృతపాణి కోసం పట్టుబట్టింది. ఆ పండు రుచి తెలిసినవాళ్లు మిగతా అరటిపండ్లను పండ్లనరు. కానీ దానికి వాడు తెగులంటే చావే. మట్టిలో ఉండే బూజు వేళ్లలోంచి లోపలికి వెళ్లి, నీళ్లు పైకెక్కే దారులను మూసేస్తుంది. ఆకులు పసుపుబారి, తొడిమె దగ్గర విరిగి, కాండం చుట్టూ వేలాడతాయి. అది ఒకసారి నేలలో చేరితే మన జీవితకాలంలో పోతుందన్న ఆశ పెట్టుకోకూడదు. సత్యవతిగారికి చాలా ఏళ్లకు తెగులును తట్టుకునే మొక్క ఒకటి దొరికింది. పండు తిని చూసి, "బాగానే ఉంది, కానీ ఇది అమృతపాణి కాదు" అని పక్కన పెట్టేసింది. ఆ పేరుతో అమ్ముదామని కంపెనీ ఒత్తిడి చేసింది. ఆమె సంతకం చేయలేదు. ఉద్యోగం వదిలి వెళ్లేటప్పుడు ఆమె టేబుల్ మీద జల్లెడ ఒక్కటే ఉంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు.

ఆమె చెప్పిన ఒక మాట మీకు చెప్పాలి. గింజ నుంచి పుట్టింది బిడ్డ. పిలక బిడ్డ కాదు, తల్లే. తల్లి ఒంట్లో ఏముందో అదంతా పిలకలో ఉంటుంది, రోగంతో సహా. పైకి పచ్చగా ఉన్నంత మాత్రాన లోపల మంచిగా ఉన్నట్టు కాదు. మొక్కను కోసి చూడకుండా నోరు తెరవొద్దని ఆమె ఆజ్ఞ. "ఆకు చూసి జబ్బు చెప్పేవాడు జాతకం చెప్పుకోవచ్చు" అనేది.

కంపెనీ నీళ్లు

ల్యాబ్ నుంచి నన్ను తోటల మీదికి మార్చాక, మా మొక్కలు కొన్నా కొనకపోయినా పిలిచిన రైతు దగ్గరికి వెళ్లి తెగులు చూసి చెప్పడం నా పని అయింది. ఈ ప్రాంతంలో ఆ పనికి ఒక చిక్కుంది. ఆకు పసుపుబారితే చాలు, రైతు నోటి నుంచి వచ్చే మొదటి మాట "కంపెనీ నీళ్లు." ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్యాక్టరీ నీళ్లు వదిలితే మాడిపోయిన వరి మడులు, నురగలు కక్కిన వాగులు నేను కళ్లారా చూశాను. కానీ ఆ మాట వెనక దాక్కోవడం కూడా ఇక్కడ మనుషులకు అలవాటైంది. తప్పు కంపెనీది అంటే ఇక ఎవరూ ఏమీ అడగరు.

హత్నూర వైపు మాణిక్ రెడ్డి అనే రైతు పిలిస్తే వెళ్లాను. పాత ఆసామి. తాతల నాటి నుంచి వచ్చిన అమృతపాణి పిలకలతోనే తోట నడుపుతున్నాడు. మా మొక్కలను "సీసా మొక్కలు" అని వెక్కిరించేవాడు. మర్యాద తెలిసిన మనిషి. నేను చెప్పులు విప్పబోతే "ముల్లు గుచ్చుకుంటది, ఉంచుకోండ్రి" అని మంచం వేయించి మజ్జిగ ఇప్పించాడు.

"కంపెనోళ్లు వాగులకు ఇడుస్తున్నరు మేడం. గా నీళ్ల తోనే గిట్లయితున్నది" అన్నాడు.

పరీక్షకు నీళ్లు పట్టుకున్నాను, మట్టి తీసుకున్నాను. తర్వాత తోట తిరిగాను. నీళ్ల వల్ల అయితే ఆ నీళ్లు తాగిన ప్రతి మొక్కా వరసగా మాడాలి. ఇక్కడ ఒకటి ఎండితే దాని పక్కది నిగనిగలాడుతోంది. అదే వాగు నీళ్లు తాగే పక్క పొలంలో మిర్చి బాగానే ఉంది. ఎండిన మొక్కను అడ్డంగా కోసి చూపించాను. తెల్లగా ఉండాల్సిన దుంప నిండా, పాన్ నమిలి ఉమ్మినట్టు, ఎర్రటి గోధుమరంగు మరకలు.

"నీళ్లు కాదండీ. ఇది వాడు తెగులు. మట్టిలో ఉంది" అన్నాను.

"మందేంది?"

"మందు లేదండీ."

ఆయన నా మొహం వైపు చూశాడు. "మందు లేని రోగముంటదా మేడం? గీ చుట్టుపక్కలంత మందుల కంపెనీలేనాయె. లోకం మొత్తానికి గోలీలు ఈడికెల్లే పోతున్నయంటరు. నా అరటి చెట్టుకు ఒక్క గోలీ లేదా?"

చేయాల్సింది చెప్పాను. రోగం వచ్చిన మొక్కలను తవ్వి లాగొద్దు, మట్టి చెదురుతుంది. నిలబడినచోటే చంపి, కాల్చి, సున్నం చల్లి, ఆ భాగానికి కంచె కట్టాలి. ఆ తోటలోంచి పిలక గానీ, మట్టి గానీ, పార గానీ, పారే నీళ్లు గానీ బయటికి పోకూడదు. బయటికి వచ్చేవాళ్లు కాళ్లు, చెప్పులు కడుక్కోవాలి.

"మా తమ్ముని కొడుకు లగ్గముంది" అన్నాడు అంతా విని. "పందిరికి చెట్లు మా తోటకెల్లే పోవాలె."

అది వాళ్ల ఇంటి ఆనవాయితీ. తమ్ముడి ఇంట్లో పెళ్లి జరిగితే అన్న తోటలోంచి గెలలతో ఉన్న రెండు అరటి చెట్లు పందిరి ద్వారానికి రావాలి. వాటిని మొదలు నరికి తేవడం అశుభం. దుంపతో, పిలకలతో, మట్టిపెళ్లతో సహా పెకలించి తెచ్చి గుంతలో నిలబెడతారు. పందిరి విప్పాక కొత్త కోడలు ఆ పిలకలను విడదీసి, తన చేత్తో అత్తింటి తోటలో నీళ్లు మొదలయ్యే చోట నాటాలి. ఇంటికి వచ్చిన పిల్ల చేసే మొదటి పని అది. అంతకంటే అందమైన ఆచారం నేను వినలేదు. వాడు తెగులును ఒక తోట నుంచి ఇంకో తోటకు చేర్చడానికి అంతకంటే మంచి దారి కూడా లేదు.

"ఈ ఏడాది ఆ ఆనవాయితీ ఆపండి మాణిక్ రెడ్డిగారూ" అన్నాను.

"ఏమని ఆపాలె?"

"ఉన్నది చెప్పండి. తమ్ముడే కదా."

"తమ్ముడే గద అని మీరంటున్నరు. అన్న తోట సచ్చిందని లగ్గం ముంగట ఎట్ల జెప్పాలె మేడం? అపశకునమంటరు. ఇయ్యకుంటేనేమో, కండ్లు మండి ఇయ్యలేదంటరు." తర్వాత తనే, "సరే, పంపను. ఏదో ఒకటి జెప్త. జెర ఈ మాట మీ నోట్లకెల్లి బయటికి రానియ్యకుండ్రి" అన్నాడు.

పిలిచిన రైతుకు తప్ప ఇంకెవరికీ ఫలితం చెప్పకూడదని అప్పట్లో మా కంపెనీ నియమం. డాక్టరు రోగి గుట్టు దాచినట్టు అని మాకు నేర్పారు. నా అభిప్రాయం అడిగితే, అది తెలివితక్కువ పోలిక. మనిషి మధుమేహం పక్కింటికి పాకదు, తోట తెగులు పాకుతుంది. ఆ నియమం మార్చాలని తర్వాత పై వాళ్లతో పోట్లాడాను, మార్పించాను కూడా. కానీ ఆ రోజు నేను మాణిక్ రెడ్డి మాటను నమ్మి వచ్చేశాను. నమ్మదగ్గ మనిషే మరి. పెళ్లికి నన్నూ పిలిచాడు గానీ, ఆ వారం వేరే జిల్లాలో పని పడి వెళ్లలేకపోయాను.

గట్టు మీద నిలబడ్డ పిల్ల

మరుసటి ఏడాది ఆ తమ్ముడి దగ్గర్నుంచే పిలుపు వచ్చింది. పేరు విఠల్ రెడ్డి. నేను వాళ్లన్న తోటకు వెళ్లిన సంగతి అతనికి తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సగం తోట పసుపుబారాక పిలిచాడు.

వెళ్లేసరికి ఇంటిల్లిపాదీ తోటలోనే ఉన్నారు. విఠల్ రెడ్డి, అతని భార్య ఈశ్వరమ్మ, పెద్దదిక్కుగా పిలిపించిన అన్న మాణిక్ రెడ్డి. నన్ను చూడగానే మాణిక్ రెడ్డి నమస్కారం పెట్టి, మొదటిసారి చూస్తున్నట్టు పక్కకు జరిగాడు. అప్పుడే నాకు అర్థమైంది.

కొంచెం దూరంలో బోరు షెడ్డు దగ్గర గట్టు మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకుని, పని చేయడానికి వచ్చి ఆగిపోయినట్టుగా. ఆమె ఆ ఇంటి కోడలు మమత. మొగుడిది బొల్లారంలో మందుల కంపెనీలో పని, ఆ పూట డ్యూటీలో ఉన్నాడు.

"ముందుగా ఏ మొక్క ఎండింది?" అని అడిగాను.

విఠల్ రెడ్డి బోరు నీళ్లు కాలువలోకి పడే చోటును చూపించాడు. "గదే మేడం. గాడికెల్లి కాలువెంబడి అట్ల పోయింది."

"అది ఎవరు నాటారు?"

ఈశ్వరమ్మ గొంతు తగ్గించి, కానీ గట్టు దాకా వినపడేలాగే చెప్పింది. "మా కోడలు. లగ్గమైనంక నాటించినం. అంతకుముందు మా తోటకు ఏం లేకుండె మేడం, బంగారమసొంటి తోట. ఆమె కాలు వెట్టిన గడియ మంచిగ లేదు. నేనంటలేను, ఊరంత అంటున్నరు. గందుకే తోటలకు రావద్దన్న. బర్రె ఈనితే గూడ దగ్గరికి పోనియ్యలె."

ఆమె దుర్మార్గురాలు కాదు. తోట పోతున్న మనిషి. ఎండిపోయే ప్రతి చెట్టుకూ ఒక కారణం కావాలి, ఆ కారణం ఇంట్లో చేతికందే దూరంలో నిలబడి ఉంది. నేను మాణిక్ రెడ్డి వైపు చూశాను. ఆయన కాలువలోకి చూస్తున్నాడు.

మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెగులు ఏదో చెప్పడం మన పనిలో సగమే. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోతే మనుషులు తమకు తోచిన చోటును చూపిస్తారు. ఆ వేలు ఎప్పుడూ బలహీనుల వైపే తిరుగుతుంది.

కత్తి తీశాను. ముందు తోట మధ్యలో ఉన్న, అప్పుడే ఆకులు పసుపుబారుతున్న మొక్కను తీసి దుంప కోశాను. తర్వాత కాలువ మొదట్లో ఎండి నిలబడ్డ మొక్క దుంప కోశాను. రెండు ముక్కలూ గోనెపట్టా మీద పక్కపక్కన పెట్టి పిలిచాను.

"అమ్మా మమతా, ఇలా రా."

"ఆమెనెందుకు మేడం?" అంది ఈశ్వరమ్మ.

"మాట ఆమె మీదే కదండీ నడుస్తోంది. ఆమె చూడాలి."

ఆ అమ్మాయి గట్టు దిగి వచ్చింది. అత్తగారికి తగలకుండా కొంగు దగ్గరికి తీసుకుని గోనెపట్టా అవతల కూర్చుంది.

"ఇది చూడండి" అన్నాను అందరికీ. "తోట మధ్యలోది. మరక దుంపకు బయటి వైపే ఉంది, నడుమ ఇంకా తెల్లగానే ఉంది. అంటే రోగం బయట మట్టి నుంచి, వేళ్లలోంచి ఇప్పుడిప్పుడే లోపలికి పోతోంది. ఇప్పుడు ఇది చూడండి. కోడలు నాటింది. దీనికి నడిమధ్య, తల్లి నుంచి విడదీసిన చోటే నల్లగా కుళ్లింది. ఇది ఈ నేలలోకి వచ్చాక జబ్బుపడిన మొక్క కాదు, తల్లి దగ్గర ఉన్నప్పుడే జబ్బుపడింది. ఆమె చెయ్యి పడకముందే ఇందులో రోగం ఉంది. దీన్ని దేవుడు నాటినా ఇంతే జరిగేది. దీని నుంచి నీళ్లవెంట మిగతా తోటకు పాకింది."

విఠల్ రెడ్డి రెండు ముక్కలనూ చేతిలోకి తీసుకుని మార్చి మార్చి చూశాడు. రైతుకు చూపిస్తే చాలు, పాఠం అక్కర్లేదు.

"ఈ పిలక అన్న తోటలది" అన్నాడు నెమ్మదిగా.

"కంపెనీ నీళ్లు గూడ అయ్యుంటయి తమ్మీ" అన్నాడు మాణిక్ రెడ్డి. ఎవరూ ఇంకా ఆయన్ని ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది.

"నీళ్లు కాదండీ" అన్నాను, ఆయన కళ్లలోకి చూసి.

విఠల్ రెడ్డి నా వైపు తిరిగాడు. "మేడం, మా అన్నకు ఎరికేనా? పెండ్లికి ముందుగాల్నే ఎరికేనా?"

కంపెనీ నియమం గుర్తుంది. ఆయన అబద్ధం చెబితే ఆ నియమాన్ని అక్కడే కాలువలో పడేసి నేనే చెప్పేదాన్ని, అందులో సందేహం లేదు. కానీ చెప్పాల్సిన నోరు ఎదురుగా ఉంది. "ఆయన్నే అడగండి" అన్నాను.

మాణిక్ రెడ్డి గట్టు మీద కూలబడ్డాడు. "ఎరికే" అన్నాడు. "మేడం జెప్పింది, పంపొద్దన్నది. నేను మంచిగున్న చెట్లే ఏరి తీసిన తమ్మీ. ఆకు పచ్చగుండె, గెల నిండుగుండె. ఏం గాదనుకున్న. ఇయ్యకపోతే నువ్వేమనుకుంటవో, నలుగురేమంటరోనని ఇచ్చిన."

"పచ్చగుండెనని ఇచ్చినవు, అది ఇడిసిపెట్టు" అన్నాడు విఠల్ రెడ్డి. అతని గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది. "నా తోట పోయింది, నీ తోట పోయింది, గది గూడ ఇడిసిపెట్టు. ఏడాది సంది ఈ పిల్లను మేమందరం అంటుంటే నీ ముంగటనే అన్నం గదనే. కూసోని ఇన్నవు గదనే అన్నా."

ఈశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెగులు గురించి నాకు తెలిసింది చెప్పేశాను. ఇది నా చదువులో లేనిది.

కాసేపటికి విఠల్ రెడ్డి ఇప్పుడేం చేయాలని అడిగాడు. ఇక ఈ నేలలో అమృతపాణి మాట మరిచిపొమ్మన్నాను. సీసా మొక్కలు కూడా వద్దన్నాను, నా కంపెనీ మొక్కలే అయినా. కొన్నేళ్లపాటు నీళ్లు నిలబెట్టి వరి వేయమన్నాను. నీళ్ల కింద ఆ బూజు కొంత బలహీనపడుతుంది, పూర్తిగా చస్తుందని మాత్రం మాట ఇవ్వనన్నాను. అతను తలూపాడు. అంత పెద్ద తోటను ఒక్క తలూపుతో వదులుకోవడం చూశాను. రైతు ఏడవకపోతే బాధ లేదనుకోకండి.

మాణిక్ రెడ్డి లేచి మమత దగ్గరికి వచ్చాడు. పెద్ద ఆసామి, ఆ ఊళ్లో నలుగురు లేచి నిలబడే మనిషి. "బిడ్డా, తప్పు నాది" అన్నాడు. "నీ చెయ్యి మంచిది, నీ కాలు మంచిది. నేను గూడ వరే ఏస్త. మా మడిల మొదటి నారు నీ చేత్తోనే నాటిస్త. నాటుతవా?"

ఆ అమ్మాయి లేచి నిలబడింది. నేల మీద కూర్చోవడం వల్ల చీరకంటిన మట్టి దులుపుకుంది.

"నాటుడు తర్వాత సంగతి, పెద్దమామా" అంది. "నాది తప్పు లేదని గీ తోటల జెప్తే ఎవలింటరు? నన్ను అన్నది ఊర్లె. మీరు గూడ ఊర్లెనే జెప్పాలె."

"ఇగ చాలు, ఊకో" అని ఈశ్వరమ్మ అనబోయింది. విఠల్ రెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు.

మాణిక్ రెడ్డి తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. ఊరి వైపు నడిచాడు. మమత ఆయన వెనకాల నడిచింది. మిగతావాళ్లు ఆమె వెనక. నా కారు కూడా ఆ ఊరి మీదుగానే వెళ్లాలి, నెమ్మదిగా వాళ్ల వెంబడే వచ్చాను.

ఊరి మొదట్లో కిరాణా దుకాణం ముందు బెంచీ మీద కొంతమంది కూర్చుని ఉన్నారు. మాణిక్ రెడ్డి అక్కడ ఆగి గొంతు సవరించుకున్నాడు.

"ఈడ గాదు, పెద్దమామా" అంది మమత. చెయ్యెత్తి వీధి చివర నీలం తలుపుల ఇంటిని చూపించింది. "ముందుగాల ఆ ఇంటికాడ. నన్ను అనుడు గాడికెల్లే మొదలైంది."

ఆయన బెంచీ మీది వాళ్ల వైపు ఒకసారి చూసి, తువ్వాలు సర్దుకుని, ఆ ఇంటి వైపు నడిచాడు.